జేబులో పాడిన పిట్ట

పదకొండు దాటింది. అత్తయ్య గదిలో రేడియో కూడా ఆగిపోయింది. కాళ్ళు లాగుతున్నాయి కానీ, ఇది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

తలకోన ప్రయాణం బాగానే జరిగింది. భాకరాపేట ఘాటు దాటేసరికి తూర్పు ఎర్రబడింది. అడవికోడి కూత విన్నాం. గిల్లతీగ లావు చూసి చిన్నది నోరు తెరిచింది. 270 అడుగుల పైనుంచి పడే నీళ్ళు ఈసారి సన్నబడ్డాయి, అయినా అందమే.

నా బాధ ఆ పసుపు గొంతు పిగిలిపిట్ట గురించి. దక్షిణాది రాతి కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని పిట్ట. దానికోసమే కదా ఇన్నాళ్ళూ ఎదురు చూసింది. రాళ్ళ గుట్ట దగ్గర మమ్మల్ని నిలబెట్టి, గైడు జేబులోంచి ఫోను తీసి దాని పాట పెట్టాడు. రెండు నిమిషాల్లో పిట్ట వచ్చేసింది. ఎదుటి రాతి మీద వాలింది. గొంతు ఉబ్బించి, మెడ అటూ ఇటూ తిప్పుతూ ఫోను వైపే వెతుకుతోంది. తన చోటులోకి ఇంకో పిట్ట చొరబడిందని దాని భయం. పొద్దున్నే మేత చూసుకోవలసిన వేళ, లేని శత్రువుతో పోట్లాడుతోంది. ఒకాయనకు ఫోటోలో దాని వీపే పడిందట. మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ పెట్టాడు. అలా ఐదుసార్లు!

అక్కడ నిలబడగానే నాకు చిత్తూరులో మా తాతయ్య గుర్తొచ్చారు. దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని నన్ను వెంటబెట్టుకుని పొలాల వైపు నడిచేవారు. అప్పట్లో అది మన రాష్ట్ర పక్షి కూడా. ఇప్పుడు ఆ చోటు రామచిలుకది. ఒక ఏడు ఎంత తిరిగినా కనబడలేదు. తిరిగి వస్తుంటే వీధి మొదట్లో ఒకతను పంజరంలో పాలపిట్టను పెట్టుకుని, రెండు రూపాయలకు చూపిస్తున్నాడు. జనం వరుస కట్టి దండం పెడుతున్నారు. తాతయ్య డబ్బులిచ్చి, "చూపించవద్దు, వదిలేయి నాయనా" అన్నారు. అతను తలుపు తీశాడు. పిట్ట బయటికి వచ్చి మట్టిలో కూలబడింది. రెక్కలు దారంతో కట్టేసి ఉన్నాయి. పాలపిట్ట రెక్క విప్పితేనే కదా ఆ నీలమంతా కనబడేది! ఆ రోజు నీలం ఎవరికీ కనబడలేదు. తాతయ్య కింద కూర్చుని గోటితో ఒక్కో ముడీ విప్పారు. నేను ఆయన చొక్కా పట్టుకుని నిలబడ్డాను. ఆ దారం తెల్లది, మల్లెపూలు కట్టేలాంటిది.

దారి పొడవునా గైడు మీద కోపంతో ఉడికిపోయాను. పైవాళ్ళకు ఫిర్యాదు రాయాలన్నాను. ఈయన ఒక్క మాటే అన్నారు: "వ్యానులో ఆ పిట్ట కనబడుతుందా అని రెండుసార్లు అడిగింది నువ్వే కదా."

నిజమే. నేనే అడిగాను. ఫోను పాడగానే అందరికంటే ముందు దుర్భిణి ఎత్తిందీ నేనే. నేరబైలులో టీ తాగుతుంటే ఆ గైడు అబ్బాయి తనంతట తానే చెప్పాడు, మొన్నొక బృందం పిట్ట కనబడలేదని సగం డబ్బే ఇచ్చి వెళ్ళిందట. అతని కోడిపిల్లలాంటి మీసం చూస్తే ఇరవై కూడా నిండలేదేమో అనిపించింది. ఫిర్యాదు మాట మళ్ళీ ఎత్తలేదు.

అయినా ఐదుసార్లు ఎందుకు? ఒక్కసారితో ఆపవచ్చు కదా. ఈ మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను.

నా ఫోటో చక్కగా వచ్చింది. ముక్కు తెరిచి ఉంది, గొంతు పసుపు ముద్దలా ఉంది. వదిన పంపమని రెండుసార్లు అడిగింది. పంపలేదు.

రేపు ఆ అబ్బాయికి ఫోను చేస్తాను. సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ వస్తామని, పాట పెట్టవద్దని, పిట్ట రాకపోయినా డబ్బు మొత్తం ఇస్తామని చెబుతాను.