మగబాతులు ఎక్కడికి పోయాయి?

అమీన్‌పూర్ చెరువు కట్ట మీదకి మొదటిసారి కెమెరా పట్టుకెళ్లింది ఓ అక్టోబరులో. సూదితోక బాతులు దిగాయని తెల్లారకముందే లేచి వెళ్లి, రెండొందల ఫొటోలు తీసుకుని ఇంటికొచ్చి చూస్తే అన్నీ గోధుమరంగు ఆడబాతులే! వాటిలో చాలావరకు మగవే అయ్యుండొచ్చని తర్వాత తెలిసింది. జతకట్టే కాలం అయిపోయాక మగబాతులు రంగుల ఈకలు రాల్చేసుకుని కొన్ని నెలలు అచ్చం ఆడవాటిలాగే ఉంటాయి, ఆ సమయంలోనే రెక్కల ఈకలు కూడా ఒక్కసారిగా ఊడిపోయి కొన్ని వారాలు ఎగరలేవు కాబట్టి శత్రువు కంటపడకుండా ఈ మాసిన వేషం పనికొస్తుంది.

జనవరిలో మళ్లీ వెళ్లాను. ఈసారి మగ సూదితోకలు రంగుల్లోకి వచ్చేశాయి. చాక్లెట్ రంగు తల, మెడ మీద తెల్లగీత, పొడుగు తోక, అబ్బ! కానీ ఆ తెల్లటి రొమ్ము ఎండలో సున్నం కొట్టిన గోడలా వచ్చింది. ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి వెళ్లే వెలుతురు, కాస్త తగ్గించి తీయాలి, పొద్దున ఎనిమిది దాటి ఎండ ముదిరితే ఇక సర్దేసుకోవడమే. చెంచామూతి బాతులైతే గుంపుగా నీళ్లలో గుండ్రంగా తిరుగుతాయి, కింది మేత పైకి తేలాలని. ఫొటో మానేసి అదే చూస్తూ కూర్చున్నా.

వేసవి వచ్చేసరికి వలసబాతులన్నీ ఉత్తరానికి వెళ్లిపోతాయి. ఆ తర్వాత మిగిలేది వలసపోని మన ఊరి బాతు, ముక్కు చివర పసుపు చుక్కది. ఆడా మగా దాదాపు ఒకేలా ఉంటాయి, ఏడాదంతా. కిందటి వానాకాలం తుంగలోంచి ఓ తల్లి పిల్లల్ని వెంటేసుకుని బయటికొచ్చింది. ఏడో ఎనిమిదో, లెక్కపెట్టేలోపే మళ్లీ తుంగలోకి దూరిపోయాయి.