పెళ్లి కుదిరాక కాదు, కాలేజీలో చేరిన ఏడాదే

సౌదీలో పెళ్లికి ముందు జంటకు సికిల్ సెల్, తలసీమియా (రెండూ తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తపు జబ్బులు) రక్తపరీక్షలు 2004 నుంచి తప్పనిసరి. ఇద్దరూ క్యారియర్లని, అంటే జబ్బు లేకపోయినా దాని జన్యువును మోస్తున్నవాళ్లని తేలినా పెళ్లిని చట్టం ఆపదు. రిపోర్టు చేతికొచ్చేసరికి ఇరువైపులా మాటలు అయిపోయి ఉంటాయి. యూనివర్సిటీలో చదివే అమ్మాయి సైతం ‘క్యారియర్’ అంటే రోగి అనుకుంటే, నిర్ణయం తన చేతిలో ఉండదు. అందుకే తాను క్యారియరో కాదో కాలేజీలో చేరిన ఏడాదే తెలియాలి. గల్ఫ్‌లో పెరుగుతున్న మన అమ్మాయిలకూ అంతే.

అరబ్బు కుటుంబాల్లో పెదనాన్న, బాబాయి పిల్లల్ని చేసుకోవడం ఆనవాయితీ. మనకు వాళ్లు అన్నాచెల్లెళ్ల వరస కాబట్టి మన పిల్లలకు వింతగా తోస్తుంది. కానీ జన్యువులకు వరసలు తెలియవు. మేనత్త కొడుకైనా, బాబాయి కొడుకైనా సగటున ఎనిమిదో వంతు జన్యువులు కలుస్తాయి. మన మేనమామ, మేనకోడలి పెళ్లిలో అది నాలుగో వంతు! కలిసే జన్యువులు ఎక్కువైన కొద్దీ ఇద్దరూ ఒకే జబ్బుకు క్యారియర్లయ్యే అవకాశమూ పెరుగుతుంది. ఈ లెక్క ఇంట్లో మనమే చెప్పాలి. లేకపోతే పిల్లలు తోటివాళ్ల ఆచారాన్ని తప్పుపట్టడమే నేర్చుకుంటారు.

క్యారియరా కాదా అన్న మొదటి సూచన మామూలు సీబీసీ (రక్తకణాల లెక్క) పరీక్షలోనే ఉంటుంది. ఎంసీవీ (ఎర్రకణం సగటు సైజు) 80 కంటే, ఎంసీహెచ్ (ఒక్కో ఎర్రకణంలోని హిమోగ్లోబిన్) 27 కంటే తక్కువుంటే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) చూడాలి. అది బాగానే ఉంటే హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫొరెసిస్ పరీక్ష. అందులో హెచ్‌బీఏ2 అనే రకం 3.5 శాతం దాటితే సాధారణంగా బీటా తలసీమియా క్యారియరే. పొరపాట్లు ఎక్కువ ఇక్కడే. రక్తం తక్కువుందని ఫెరిటిన్ చూడకుండా నెలల తరబడి ఐరన్ మింగిస్తారు. ఐరన్ లోపం లేని క్యారియర్‌కు దానితో హిమోగ్లోబిన్ పెరగదు. నిజంగానే ఐరన్ లోపం ఉంటే హెచ్‌బీఏ2 తగ్గి కనబడొచ్చు, అసలు సంగతి దాగిపోతుంది. కాబట్టి ఐరన్ సరిచేశాక ఆ పరీక్ష మళ్లీ చేయించాలి. ఐరన్ మాత్రను టీతోనో, గహ్వా (అరబ్బు కాఫీ)తోనో, పాలతోనో వేసుకుంటే సరిగా ఒంటబట్టదు. వాటికీ మాత్రకీ రెండు గంటలు ఎడం ఉండాలి. ఇంకో రకమైన ఆల్ఫా తలసీమియా మాత్రం హెచ్‌బీఏ2లో తెలియదు, దానికి జన్యుపరీక్షే.

ఇద్దరూ బీటా తలసీమియా క్యారియర్లైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఒకరు బీటా తలసీమియా, ఇంకొకరు సికిల్ సెల్ క్యారియర్లైనా అంతే. మొదటి బిడ్డకు వచ్చింది కదా, మిగతా ముగ్గురికీ భయం లేదనుకోవద్దు. లెక్క ప్రతిసారీ మొదటి నుంచే.

అమ్మాయి క్యారియరని తేలితే అది తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిందే. అన్నదమ్ములకూ సగం అవకాశం ఉంటుంది. వాళ్లకూ ఆ నెలలోనే పరీక్ష చేయించండి, ఒక్క ఆడపిల్ల ఫైలులోనే పెట్టి మూసేయకండి.