పోస్టరు కింద ఉండాల్సిన రెండు లైన్లు

ఒడిశాలోని రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల్లో హాస్టల్ గోడల మీద కనిపించే ప్రచారమంతా ఇంచుమించు ఒకటే పాట: ప్రేమలో పడి చదువు పాడుచేసుకోకు, చిన్న వయసులో తల్లివి కాకు. మాటలో తప్పు లేదు. కానీ ఇప్పటికే నెల తప్పిన పదహారేళ్ల పిల్లకి ఆ గోడ ఏ దారీ చూపించదు. ఎక్కడికి వెళ్లాలి, వెళ్తే ఏమవుతుంది? ఈ రెండు లైన్లూ లేని పోస్టరు రంగు దండగ.

భయపెడితే ఆగుతారనే నమ్మకం మనకొక్కరికే లేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఆడపిల్లలకి రాత్రుళ్లు లేచి ఏడ్చే బొమ్మపాపని ఇచ్చి శని, ఆదివారాలు సాకమన్నారు. తల్లి కష్టం తెలిస్తే జాగ్రత్త పడతారని లెక్క. 57 బడుల్లో పరీక్షించి చూస్తే, బొమ్మను సాకిన వాళ్లలోనే ఇరవై ఏళ్లలోపు గర్భాలు ఎక్కువ తేలాయి. ఆ ఫలితం 2016లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఇంగ్లండ్ 1999లో వేరే దారి పట్టింది. బళ్లో పాఠాలు చెబుతూనే పిల్లలు వెళ్లగలిగే క్లినిక్‌లూ పెట్టింది. 18 ఏళ్లలోపు గర్భాలు 1998లో వెయ్యికి 47 దాకా ఉంటే 2014కి సగానికి దిగాయి.

ఇక మన దగ్గర. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 7.6 శాతం అప్పటికే తల్లులో గర్భిణులో. 20–24 ఏళ్ల వాళ్లలో 20.5 శాతానికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. విషయం బయటపడగానే పెద్దలు ముందు ఆలోచించేది పెళ్లే. ‘తాళి కట్టించేస్తే కేసుండదు’ అన్నది వట్టి భ్రమ. భార్య అయినా సరే, పద్దెనిమిది నిండకపోతే ఆమెతో కలయిక అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. పెళ్లి చేయించిన పెద్దల మీద బాల్యవివాహ చట్టం కింద ఇంకో కేసు.

ఈ విషయాలు చెప్పడానికి పిల్లలతో మీటింగు పెట్టేవాళ్లు ఇరవై, పాతికమందికి మించి పిలవకండి. మొదట ఆడపిల్లల్ని, మగపిల్లల్ని విడివిడిగా కూర్చోబెట్టండి. బడి ఒడియాలో, ఇల్లు తెలుగులో నడిచే పిల్లలు సిగ్గుపడే ప్రశ్న ఇంటి మాటలోనే అడుగుతారు. సొర, కువి మాట్లాడే పల్లెల్లోనూ అంతే, ఆ భాష వచ్చిన ‘సాథియా’ (తోటి పిల్లలకి ఆరోగ్య విషయాలు చెప్పే వలంటీరు) పక్కనుండాలి. ప్రశ్నలకి మూత ఉన్న డబ్బా పెట్టి అందరికీ ఒకే రకం చీటీ, ఒకే రంగు పెన్ను ఇవ్వండి. చీటీ ఖాళీగా ఉన్నా ప్రతి ఒక్కరూ వెయ్యాలి, లేకపోతే వేసినవాళ్లెవరో ఊరంతా తెలిసిపోతుంది. టీచరుగారు గదిలో ఉంటే డబ్బాలో ఖాళీ చీటీలే మిగులుతాయి.

ఆశా దీదీ దగ్గర దొరికే ‘నిశ్చయ్’ గర్భపరీక్ష కిట్టుని విప్పి చేతికివ్వండి. నెల తప్పిన రోజు నుంచే చూసుకోవచ్చు, పొద్దున్నే మొదటి మూత్రమైతే మేలు. ఒక గీత మామూలు, రెండు గీతలు గర్భం. కిట్టు మీద ‘సి’ అక్షరం దగ్గర గీతే రాకపోతే కిట్టు పాడైందని అర్థం. గర్భం లేదని వచ్చినా నెలసరి రాకపోతే వారం తర్వాత మళ్లీ చూడాలి. హాస్టల్లో ఆడపిల్లలందరినీ వరసలో నిలబెట్టి ఈ పరీక్ష చేయించడం మాత్రం ప్రచారం కాదు, దౌర్జన్యం.

అత్యవసర గర్భనిరోధక మాత్ర, అంటే 1.5 మిల్లీగ్రాముల లెవోనార్‌జెస్ట్రెల్, కలయిక జరిగిన 72 గంటల్లోపు వేసుకోవాలి. ఎంత ముందైతే అంత పనిచేస్తుంది. రెండు గంటల్లోపు వాంతయితే ఇంకోటి వెయ్యాలి. నిలిచిన గర్భాన్ని అది తియ్యదు. ఇక్కడే చాలామంది తికమక పడి, పార్వతీపురమో సాలూరో పోయి మందుల షాపులో గర్భస్రావం మాత్రలు కొనుక్కొస్తారు. అవి డాక్టరు చూసి ఇవ్వాల్సినవి, అదీ తొమ్మిది వారాల్లోపే. వారాల లెక్క తప్పినా, గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో ఉన్నా ప్రాణం మీదికొస్తుంది. అసలే రక్తం తక్కువున్న పిల్లలు. గంటకి రెండు ప్యాడ్ల చొప్పున రెండు గంటలు తడిసిపోతే ఇంక ఎవరినీ అడగక్కర్లేదు, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికే.

చట్టం సంగతి దాచకండి. ‘ఎవరికీ తెలియనివ్వం’ అని మాటివ్వకండి. పద్దెనిమిదిలోపు పిల్ల గర్భంతో వస్తే పిల్లలపై లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం ఆసుపత్రి పోలీసులకి చెప్పి తీరాలి. అయితే పిల్ల, సంరక్షకులు కోరితే పేరూ గుర్తింపూ ఇవ్వక్కర్లేదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. ఈ ఒక్క మాట తెలియక ఎంతమంది నాటువైద్యుల దగ్గరికి పోతున్నారో. గర్భం తీయించుకోవాలంటే సంరక్షకుల సంతకం కావాలి. 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు, మైనర్లకి 24 దాకా ఇద్దరిది ఉండాలి.

మగపిల్లల మీటింగుకి జనం తక్కువే వస్తారు. వాలీబాల్ అయ్యాక మైదానంలోనే పెట్టుకోవడం మేలు. నిరోధ్ ప్యాకెట్టు మీద తేదీ చూడటం, పర్సులో వేడికి ఉంచితే రబ్బరు పాడై చిరగడం, అవతలి మనిషి ‘వద్దు’ అంటే వద్దనే, ఇవి చాలు మొదటిసారికి.

ప్రభుత్వ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో (సీహెచ్‌సీ) కౌమార వయసు పిల్లల కోసం నడిచేది శ్రద్ధా క్లినిక్. ఆ రెండు లైన్లు ఇలా ఉండొచ్చు: ‘నెల తప్పిందా, భయంగా ఉందా? సీహెచ్‌సీలో శ్రద్ధా క్లినిక్‌కి ఫలానా రోజు, ఫలానా వేళకి రండి. ఎవరైనా బలవంతం చేస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098.’ తెలుగులోనూ ఒడియాలోనూ వేయించండి. అచ్చుకిచ్చే ముందు ఆ రోజు ఆ వేళకి ఒకసారి వెళ్లి, తలుపు తీసి ఉందో లేదో చూసుకోండి.