దీపావళి నాడు జార్జియాలో ఓట్ల లెక్క

2020 నవంబరు 13, శుక్రవారం. ఆఫీసు పని కాస్త ముందే ముగించుకుని ఉత్తర కెరొలైనాలోని షార్లెట్ నుంచి కారులో బయల్దేరాను. మర్నాడే దీపావళి. అక్కా బావా జార్జియాలోని కమ్మింగ్‌లో ఉంటారు. కోవిడ్ మొదలయ్యాక మేం కలుసుకోలేదు. ఎనిమిది నెలలూ వీడియో కాల్స్‌తోనే సరిపెట్టుకున్నాం. టెస్టు చేయించుకుని, నెగెటివ్ అని మెసేజ్ వచ్చాకే అక్కకు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను.

పండగ కోసమే వెళ్తున్నా, మనసులో ఇంకో కోరిక కూడా ఉంది. సరిగ్గా ఆ రోజే జార్జియా రాష్ట్రం అధ్యక్ష ఎన్నికలో పడిన ఓట్లన్నిటినీ చేత్తో మళ్లీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మన జిల్లాల్లాంటి కౌంటీలు 159, దాదాపు 50 లక్షల బ్యాలెట్లు. గడువు 18వ తేదీ అర్ధరాత్రి. మామూలు జనం కూడా వచ్చి చూడొచ్చన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు కాలు నిలవలేదు.

అప్పటికి పన్నెండేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నాను. ఇల్లు కొనుక్కున్నాను, పన్నులు కడుతున్నాను. గ్రీన్ కార్డు క్యూ మాత్రం కదలదు. అది వచ్చాక ఐదేళ్లు ఆగితే గానీ సిటిజన్‌షిప్‌కు అప్లై చేసుకోలేను, సిటిజన్ అయితే గానీ ఓటు లేదు. ఆ బాధ మామూలు రోజుల్లో గుర్తుకు రాదు. ఎన్నికలప్పుడు మాత్రం, పెళ్లివారింటి బయట నిలబడి భజంత్రీలు వింటున్నట్టు ఉంటుంది. ఓటు ఎలాగూ వేయలేను, కనీసం లెక్కపెడుతుంటే చూద్దామనుకున్నాను.

దీనికి మా నాన్న కూడా కొంత కారణం. ఆయన తెనాలి దగ్గర హైస్కూల్లో మాస్టారు. ఎన్నికలొస్తే పోలింగ్ డ్యూటీ, కొన్నిసార్లు లెక్కింపు డ్యూటీ కూడా పడేది. ఈవీఎంలు రాకముందు సంగతి ఇది. మర్నాడు ఇంటికొచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉండేవి, చొక్కాకు లక్క వాసన. "ఓటు వేయడానికి ఒక్క నిమిషం చాలమ్మా, లెక్కపెట్టడానికే రాత్రంతా పడుతుంది" అనేవారు.

ఐ-85 హైవే మీద దక్షిణ కెరొలైనా దాటడానికి రెండు గంటలు పడుతుంది. గాఫ్నీ ఊరి దగ్గర పీచ్ పండు ఆకారంలో కట్టిన పెద్ద నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది. పీచ్ పండ్ల రాష్ట్రమని పేరు జార్జియాది, ట్యాంకేమో పక్క రాష్ట్రంలో ఉంది. హార్ట్‌వెల్ సరస్సు దాటాక జార్జియా మొదలైంది. నవంబరు 3 ఎన్నిక అయిపోయి పది రోజులైనా రోడ్డు పక్కన ఎన్నికల బోర్డులు అలాగే ఉన్నాయి. రెండు సెనెట్ సీట్లలోనూ ఎవరికీ సగానికి పైగా ఓట్లు రాలేదు కాబట్టి జనవరి 5న మళ్లీ పోటీ. ఆ రాష్ట్రానికి అప్పట్లో ఊపిరి తీసుకునే తీరికే లేదు.

కమ్మింగ్ ఉన్నది ఫోర్సైత్ కౌంటీలో. ఇప్పుడక్కడ ఏ కాలనీలోకి వెళ్లినా తెలుగు వినిపిస్తుంది. కానీ ఆ నేలకు చాలా చేదు చరిత్ర ఉంది. 1912లో అక్కడి నల్లజాతి వాళ్లను, దాదాపు 1,100 మందిని, బెదిరించి, ఇళ్లు తగలబెట్టి కౌంటీ నుంచి తరిమేశారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు నల్లవాళ్లు అక్కడ కాలు పెట్టలేకపోయారు. 1987 జనవరిలో దానికి నిరసనగా పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ నాయకత్వంలో 20 వేల మంది ఆ ఊళ్లో ఊరేగింపు చేయాల్సి వచ్చింది. ఈ కథ నాకు చెప్పింది మా అక్క కూతురు. మనవాళ్లు ఇళ్లు కొనేటప్పుడు స్కూళ్ల రేటింగ్ చూస్తారు గానీ, ఈ సంగతి ఎంతమందికి తెలుసో!

రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరాను. ఫ్రిజ్ మీద పీచ్ బొమ్మ ఉన్న స్టిక్కర్లు మూడు వరసగా అంటించి ఉన్నాయి. జార్జియాలో ఓటేసి వస్తే ఇచ్చే స్టిక్కర్లవి. అక్కా బావా 2019లో సిటిజన్లయ్యారు. పాపకు ఆగస్టులో పద్దెనిమిది నిండాయి. ముగ్గురికీ ఇదే మొదటి అధ్యక్ష ఎన్నిక. ముందస్తు ఓటింగ్‌లో లైబ్రరీకి వెళ్లి వేసొచ్చారట.

"వేలికి సిరా పెట్టకపోతే ఓటేసినట్టే అనిపించలేదే" అంది అక్క. చూపుడు వేలు ఎత్తి చూసుకుంది కూడా.

అక్క బైడెన్‌కు వేసింది. బావ ట్రంప్‌కు వేశాడు. కమలా హారిస్ వాళ్లమ్మ శ్యామల మద్రాసు నుంచి వచ్చిందన్న సంగతి అక్కకు గొప్పగా ఉంది. బావకు వ్యాపారం, పన్నులు ముఖ్యం. అన్నం తింటూ ఈ విషయం మీద గట్టిగానే వాదించుకున్నారు. మధ్యలో పాప, "మీ రెండు ఓట్లూ కొట్టుకుపోయాయి, ఇక మనింట్లో లెక్కకు వచ్చేది నా ఓటే" అంది. ఎవరికి వేసిందో మాత్రం చెప్పలేదు. చెప్పమని వాళ్లూ అడగలేదు. నాకది బాగా నచ్చింది.

ఆ కౌంటీ మొత్తం మీద చూస్తే బావ వైపే ఎక్కువ. ట్రంప్‌కు దాదాపు మూడింట రెండు వంతుల ఓట్లు వచ్చాయి. అయితే 2016లో డెమోక్రాట్లకు అక్కడ నాలుగో వంతు కూడా రాలేదు, ఈసారి దాదాపు మూడో వంతుకు చేరారు. పక్కనున్న గ్విన్నెట్ కౌంటీలో, అట్లాంటాకు వాయవ్యంగా ఉన్న కాబ్‌లో ఆ మార్పు అంతకుముందే మొదలైంది. రెండు చోట్లా బైడెన్ స్పష్టంగా గెలిచాడు. ఒకప్పుడు రిపబ్లికన్లకు పెట్టనికోటలవి. మన తెలుగువాళ్లు, కొరియన్లు, వియత్నామీలు, లాటినోలు, ఉత్తరాది నుంచి తిరిగొచ్చిన నల్లజాతి కుటుంబాలు ఆ శివార్లలో స్థిరపడ్డాయి. దానికి తోడు డెమోక్రాట్ నాయకురాలు స్టేసీ ఏబ్రమ్స్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగి ఓటర్లను నమోదు చేయించారు. 2018లో ఆవిడ గవర్నరుగా పోటీ చేసి దాదాపు 55 వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు, అయినా ఆ పని ఆపలేదు.

శనివారం తెల్లవారుజామునే అక్క లేపి తలకు నువ్వుల నూనె పెట్టింది. తలంటు, కొత్త బట్టలు, రెండు గారెలు. ఏడున్నరకు నేనూ పాపా అట్లాంటా బయల్దేరాం. నలభై మైళ్లు. "పండగపూట ఓట్ల లెక్కేమిటే మీకు" అని అక్క గుమ్మంలో నిలబడి అంటూనే ఉంది. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తామని చెప్పి, తనకు నమ్మకం కలగక ముందే బయటపడ్డాం.

అట్లాంటా నగరం ఉన్న ఫుల్టన్ కౌంటీ ఓట్లను జార్జియా వరల్డ్ కాంగ్రెస్ సెంటర్‌లో లెక్కపెడుతున్నారు. మామూలుగా పెద్ద పెద్ద ఎగ్జిబిషన్లు జరిగే చోటు. చూడ్డానికి వచ్చినవాళ్లను తాడు కట్టిన ఒక వైపు నిలబెట్టారు. మాస్కులు, మనిషికీ మనిషికీ దూరం. హాలు నిండా వరసలు వరసలుగా బల్లలు. ఒక్కో బల్లకు ఇద్దరు. అంతమంది ఉన్న హాల్లో పెద్ద గోల ఉంటుందనుకున్నాను. సన్నటి గుసగుస తప్ప ఏమీ లేదు. ఆ గుసగుసలో రెండే పేర్లు, మళ్లీ మళ్లీ.

మాకు దగ్గరగా ఉన్న బల్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్లున్నారు. ఒకావిడకు అరవై దాటి ఉంటాయి, తెల్లజుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్లజోడు. రెండో ఆవిడ నల్లజాతి అమ్మాయి, ముప్పై లోపే. పెద్దావిడ కట్టలోంచి ఒక కాగితం తీసి, చూసి, పేరు పైకి చదివి అమ్మాయికి ఇచ్చేది. ఆ అమ్మాయి తన కళ్లతో మళ్లీ చూసుకుని, అవునంటేనే ఆ పేరున్న దొంతిలో పెట్టేది. బైడెన్‌కో దొంతి, ట్రంప్‌కో దొంతి, లిబర్టేరియన్ అభ్యర్థి జోర్గెన్సన్‌కు చిన్న దొంతి. ఎటూ తేలని వాటికి విడిగా చోటు. పోలింగ్ కేంద్రంలో వేసిన ఓటయితే మిషన్ ప్రింట్ చేసిన కాగితం, మీద క్యూఆర్ కోడ్, కింద పేర్లు. పోస్టులో వచ్చిందయితే పెన్నుతో నింపిన గుండ్రాలు.

ఒకసారి ఒక కాగితం దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. గుండ్రంలో నింపడానికి బదులు ఎవరో ఏదో గీత గీసినట్టున్నారు. పెద్దావిడ కళ్లజోడు పెట్టుకుంది. అమ్మాయి వంగి చూసింది. ఏదో మాట్లాడుకున్నారు. చివరకు దాన్ని ఏ దొంతిలోనూ పెట్టకుండా పక్కకు తీశారు, ఇంకొకరు చూసి తేల్చడానికి. ఒక్క ఓటు కోసం నిమిషం పైనే! నాకు నాన్న గుర్తొచ్చారు. ముద్ర రెండు గుర్తుల మధ్య గీత మీద పడిన బ్యాలెట్‌ను లాంతరు దగ్గర పెట్టి చూశామని ఆయన చెప్పిన కథ గుర్తొచ్చింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మాస్కు ఉండబట్టి పాప చూడలేదనుకుంటాను.

రెండు పార్టీల పరిశీలకులూ బల్లల మధ్య తిరుగుతున్నారు. ఈ లెక్కింపుకు ఆదేశించిన, రాష్ట్రంలో ఎన్నికలు చూసే రాష్ట్ర కార్యదర్శి బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్ ట్రంప్ పార్టీవాడే, రిపబ్లికనే. 2019లో చేసిన చట్టం ప్రకారం ఎన్నిక తర్వాత ఆడిట్ చేయాలి. తేడా అప్పటికి 14 వేలే ఉంది కాబట్టి నమూనా సరిపోదని ప్రతి కాగితమూ చూడమన్నారు. గెలిచినవాళ్లకే అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి రాష్ట్రానికున్న 16 ఎలక్టొరల్ ఓట్లూ మొత్తంగా పోతాయి, సగం సగం పంచుకోవడం లేదు. అందుకే ఆ గీత ఉన్న కాగితం మీద అంత శ్రద్ధ.

అక్కడ నిలబడినప్పుడు నాకు ఇంకో లెక్క కూడా గుర్తొచ్చింది. 1960ల మొదటిదాకా జార్జియా ప్రైమరీల్లో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో, ఓట్లు మనిషికొకటిగా లెక్కకు రాలేదు. కౌంటీకి ఇన్ని అని యూనిట్లుండేవి. ఐదున్నర లక్షల జనం ఉన్న ఫుల్టన్‌కు ఆరు, రెండు వేల జనం కూడా లేని ఎకోల్స్ కౌంటీకి రెండు. అప్పట్లో ఆ రాష్ట్రంలో డెమోక్రాట్ల ప్రైమరీ గెలిస్తే ఎన్నిక గెలిచినట్టే. అంటే అట్లాంటా వాళ్ల ఓటుకు, అందులోనూ నల్లవాళ్ల ఓటుకు, విలువే లేదన్నమాట. 1963లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, ఒక మనిషికి ఒక ఓటు అని తీర్పులో రాసింది. ఆ ఫుల్టన్ కాగితాలే ఇప్పుడు నా ఎదురుగా ఒక్కోటి ఒక్కో ఓటుగా దొంతిలో పడుతున్నాయి.

బయటికొచ్చాక ఆబర్న్ ఎవెన్యూకి వెళ్లాం. మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఇల్లు, ఆయన బోధించిన ఎబెనీజర్ చర్చి ఆ వీధిలోనే. ఒక భవనం గోడ మీద జాన్ లూయిస్ నిలువెత్తు బొమ్మ ఉంది. ఓటు హక్కు కోసం 1965లో సెల్మా వంతెన మీద పోలీసు దెబ్బలకు తల పగిలినవాడు, తర్వాత ముప్పైమూడేళ్లు అట్లాంటా తరఫున అమెరికా కాంగ్రెస్‌లో కూర్చున్నవాడు. ఆ జులైలోనే పోయారు. గోడ కింద ఎండిన పూలు, కొవ్వొత్తులు. పాప తన ఫోన్ వెనక దాచుకున్న ఇంకో పీచ్ స్టిక్కరు తీసి గోడ కింద పెట్టింది. ఎక్కడిదని అడిగితే, ఫ్రిజ్ మీదున్న వాళ్ల నాన్నదట, ఆయన్ను అడిగే తెచ్చిందట.

ఇంటికొచ్చేసరికి మూడయింది, అక్క చేత చీవాట్లు తిన్నాం. సాయంత్రం గుమ్మం ముందు వరసగా ప్రమిదలు పెట్టాం. ఎదురింటి వాళ్ల లాన్‌లో ట్రంప్ బోర్డు, పక్కింటి గుజరాతీ వాళ్ల లాన్‌లో బైడెన్ బోర్డు. రెండిళ్ల పిల్లలూ మా కాకరపువ్వొత్తుల కోసం వచ్చారు.

ఆదివారం తిరుగు ప్రయాణానికి ముందు ఒంటరిగా జోన్స్‌బరో దాకా వెళ్లొచ్చాను. దారి కాని దారి, అయినా వెళ్లాలనిపించింది. అట్లాంటాకు దక్షిణాన ఉన్న క్లేటన్ కౌంటీకి ముఖ్యపట్టణం అది. నవంబరు 6 తెల్లవారుజామున, నేను షార్లెట్‌లో టీవీ ముందు కూర్చుని ఉండగా, ఈ కౌంటీ పోస్టల్ ఓట్ల లెక్క రాగానే బైడెన్ జార్జియాలో మొదటిసారి ముందుకొచ్చాడు. 917 ఓట్ల ఆధిక్యం. ఆ రాత్రి చేతులు చల్లబడిపోయాయి నాకు. ఇప్పుడు చూస్తే ఊళ్లో ఏమీ లేదు. పాత కోర్టు భవనం, రైలు పట్టాలు, మూసి ఉన్న దుకాణాలు. చర్చి బయట కార్లలోనే కూర్చుని ప్రార్థన వింటున్న కుటుంబాలు. ఐదు నిమిషాలు కారు ఆపుకుని కూర్చున్నాను.

చేతి లెక్కలో ఆ వారంలోనే మరికొన్ని చోట్ల లెక్కకు రాని ఓట్లు బయటపడ్డాయి. ఫ్లాయిడ్ కౌంటీలో ఒకేసారి 2,600 దాకా. అవి ఎక్కువగా ట్రంప్‌వే. వాటినీ కలిపారు. ట్రంప్ పక్షం కోరిన మీదట మిషన్లతో మరోసారి లెక్కించాక డిసెంబరు 7న చివరి అంకె వచ్చింది. తేడా 11,779. కౌంటీకి సగటున 74 ఓట్లు. 1992లో క్లింటన్ తర్వాత డెమోక్రాట్ అభ్యర్థి ఆ రాష్ట్రం గెలవడం అదే మొదలు. 2024లో అదే రాష్ట్రం ట్రంప్‌కు 1 లక్షా 15 వేల ఆధిక్యం ఇచ్చింది. ఆసారి నేను వెళ్లలేదు, నాకింకా ఓటూ రాలేదు.

ఆదివారం రాత్రి ఇల్లు చేరగానే నాన్నకు ఫోన్ చేశాను. అక్కడ సోమవారం ఉదయం, కాఫీ తాగుతున్నారు. పండగ కబుర్లు ఆయనకు పట్టలేదు. బల్లకు ఎంతమంది, ఎవరు చదువుతారు, ఎవరు పెడతారు, ఏజెంట్లను ఎంత దూరంలో నిలబెట్టారు, అన్నీ అడిగారు. చెప్పాను.

"ప్రతి కాగితం రెండో మనిషి కూడా చూస్తుందా?" అన్నారు.

"ప్రతిదీ చూస్తుంది నాన్నా."

"అర్థంకాని ఓటయితే?"

"పక్కన పెట్టి ఇంకొకళ్లకు చూపిస్తున్నారు."

కాసేపు మాట్లాడలేదు. "మేమూ అలాగే చేసేవాళ్లం" అన్నారు.