గులకరాళ్ల నది అడుగున ఎంత రాయి కదులుతోంది?
ప్రకాశం బ్యారేజీ దిగువన మన కృష్ణమ్మ అడుగంతా ఇసుకే. గులకరాళ్ల నదిలో కొలత ఇంకా కష్టం. అక్కడ రాయి క్షణంసేపు దొర్లి, చాలాసేపు ఆగిపోతుంది. ఒకేచోట వెంటవెంటనే తీసిన రెండు నమూనాల బరువుల్లో పది రెట్ల తేడా రావచ్చు. అందుకే నది వెడల్పును 20 భాగాలు చేసి, ఒక్కోచోట హెల్లీ-స్మిత్ శాంప్లర్‌ను (అడుగున దొర్లే రాళ్లను మూతిగుండా వల సంచిలోకి పట్టే పరికరం) 30–60 సెకన్లు ఉంచాలి. ఆ వరస మొత్తం కనీసం 2 సార్లు తిరగాలి.

మూతి వెడల్పు 76 మి.మీ.; అంతకన్నా పెద్ద రాయి పట్టదు. సంచి సగం నిండకముందే పైకి తీయండి. సన్నిసుక వల కన్నాలను మూసేస్తే నీరు లోపలికి సరిగా పోక కొలత తగ్గుతుంది. దించేటప్పుడు మూతి ముందుకు జారితే మాత్రం అడుగును గీరి, లేని రాళ్లను లెక్కలోకి తెస్తుంది. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద దోషం ఇదే, ఎందుకంటే సంచి చూస్తే అనుమానమే రాదు.

ఆరబెట్టాక 456 గ్రాములు, సమయం 60 సెకన్లు అనుకుందాం. 456ను మూతి వెడల్పుతో, అంటే 0.076 మీటర్లతో, మళ్లీ 60తో భాగిస్తే మీటరు వెడల్పుకు సెకనుకు 100 గ్రాములు.