మళ్ళీ గోరుముద్దలు

బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకుని పద్నాలుగు నెలలైంది. తగ్గిన బరువు తిరిగి వచ్చేస్తుందేమోనన్న బెరుకుతో ఇన్నాళ్ళూ దీని గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. ఇప్పుడా బెరుకు చాలావరకు పోయింది, కోపం మాత్రం కొంత మిగిలి ఉంది. ఆపరేషన్ ఎలా జరిగింది, ఎన్ని కిలోలు తగ్గారు అని అడిగేవారే తప్ప, దానికి ముందు మూడు నెలలపాటు తినడం, తాగడం మొదటినుంచి ఎలా నేర్చుకున్నానో అడిగినవారు ఇంతవరకు ఒక్కరూ లేరు కనుక, ఆ సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

నేను తెనాలి ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఆపరేషన్ మాట మొదలైనప్పుడు నాకు 44 ఏళ్ళు, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు. తొమ్మిదేళ్ళ షుగరు, మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ 9.1, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు, దానికోసం రాత్రంతా ముఖానికి తగిలించుకోవలసిన సీప్యాప్ యంత్రం, నాలుగు మెట్లెక్కితే పట్టేసే మోకాళ్ళు. కొబ్బరినూనె తాగే పద్ధతి నుంచి రాత్రిపూట పుల్కాల వరకు అన్నీ చేసి చూశాను. ప్రతిసారీ ఆరేడు కిలోలు తగ్గి, ఏడాది తిరగకుండానే వడ్డీతో సహా తెచ్చుకున్నాను.

హైదరాబాదులో సర్జన్‌గారు కాగితం మీద బొమ్మ వేసి చూపించారు. జీర్ణాశయాన్ని నిలువుగా కోసి, మూడు వంతులకు పైగా తీసేసి, అరటికాయంత సన్నటి గొట్టాన్ని మాత్రం ఉంచుతారు. దీన్ని స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అంటారు. 1991లో అమెరికాలో పెట్టుకున్న ప్రమాణాల ప్రకారం బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు ఎంతుందో చెప్పే అంకె, 40 దాటినవారికి, లేదా 35 దాటి తీవ్రమైన జబ్బులున్నవారికి మాత్రమే ఈ ఆపరేషన్లు చేసేవారట. 2022లో అంతర్జాతీయ వైద్య సంఘాలు వాటిని సవరించి, ఆసియా వాళ్ళకు 27.5 దాటితేనే ఈ ఆపరేషన్ చేయవచ్చని చెప్పాయి. నాది 45కు చేరువలో ఉంది. ఆయన ఆ అంకెను నా రక్తపోటు గురించి చెప్పినంత మామూలుగా చెప్పారు. నా బరువు గురించి నన్ను తప్పుపట్టకుండా ఎవరైనా మాట్లాడడం చాలా ఏళ్ళ తరువాత అదే మొదటిసారి.

ఆ ఊరట వారం రోజులు కూడా నిలవలేదు. మా ఊళ్ళో తొమ్మిదేళ్ళుగా నా షుగరు చూస్తున్న డాక్టరుగారి దగ్గరకు, పాత వైద్యం వివరాలు రాసివ్వమని అడగడానికి వెళ్ళాము. ఆయన తలెత్తకుండా చీటీ రాస్తూనే, "అయితే నోరు కట్టుకోలేక పొట్ట కోయించుకుంటున్నారన్నమాట" అన్నారు. గదిలో మరో ఇద్దరు రోగులున్నారు. వారిలో ఒకరు నవ్వారు. మావారు నేల చూపులు చూశారు. నేను కాగితం తీసుకుని, "వస్తానండీ" అని కూడా చెప్పి బయటకు వచ్చాను. ఆ "వస్తానండీ" అన్నందుకు నా మీద నాకే ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను.

నా నోటి సంగతి నిజంగా పట్టించుకున్నది ఆసుపత్రిలోని డైటీషియన్. పాతికేళ్ళు దాటి ఉండవు. ఏం తింటారని కాకుండా, ఎంతసేపు తింటారని అడిగింది. తెలియదన్నాను. తన డబ్బాలోని ఇడ్లీ ఒకటి నా ముందు పెట్టి, తినమని ఫోనులో గడియారం చూసింది. నాలుగు ముక్కలు, యాభై సెకన్లు. ఒక్కో ముక్కను అయిదారుసార్లకు మించి నమలలేదట. నాకు నవ్వొచ్చింది కానీ, వెంటనే సిగ్గేసింది. ఇరవై ఏళ్ళుగా నా భోజనం అంతే. పొద్దున వంటగట్టు దగ్గర నిలబడి రెండు ముద్దలు, మధ్యాహ్నం పిల్లల భోజనాలు చూసుకున్నాక గంట కొట్టేలోపు మిగిలిన ఏడెనిమిది నిమిషాల్లో డబ్బా ఖాళీ. ముద్ద గొంతుకు అడ్డం పడితే చెంబెడు నీళ్ళు. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరడానికి ఇరవై నిమిషాలు పడుతుందని ఆ అమ్మాయి చెప్పినప్పుడు, నా కబురు చేరేసరికి నేను మళ్ళీ తరగతి గదిలో ఉంటానని అర్థమైంది.

"మేడమ్, మీ అమ్మగారు చిన్నప్పుడు గోరుముద్దలు పెట్టేవారు కదా, ఇకమీదట ముద్ద అంతే ఉండాలి" అంది. అంతకంటె తేలికగా ఎవరూ చెప్పలేరు. నిమ్మకాయంత ముద్ద నుంచి ఉసిరికాయంతకు, అక్కడినుంచి వేలి కొస మీద నిలిచేంతకు రావడానికి నాకు మూడు వారాలు పట్టింది. ప్రతి ముద్దా ముప్పైసార్లు నమలాలి. మన ఇళ్ళల్లో అన్నం నమలడమనే మాటే వినపడదు. పప్పన్నం, చారన్నం, పెరుగన్నం అన్నీ జారిపోయేవే. పెరుగన్నాన్ని ముప్పైసార్లు నమలడం ఎంత కష్టమో చేసి చూస్తేగాని తెలియదు, పదోసారికే నోట్లో ఏమీ మిగలదు. పైగా వరస కూడా మారింది. ముందు గుడ్డు, ముద్దపప్పు, పనీరు లాంటి మాంసకృత్తులు, తరువాత కూర, చివర చోటుంటే అన్నం. అన్నంలో కలుపుకోవడానికే మిగతావన్నీ ఉన్నాయనుకునే మనిషిని తలకిందులుగా నిలబెట్టినట్టయింది.

నీళ్ళ సంగతి ఇంకా పెద్ద చిక్కు. భోజనానికి అరగంట ముందు, తరువాత అరగంట నీళ్ళు తాగకూడదు, మిగతా సమయంలో రెండు లీటర్ల దాకా తాగాలి, అదీ గుక్క గుక్కగా. మా ఇంట్లో చెంబు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకోవడం అలవాటు. అలా తాగితే నీటితోపాటు గాలి కూడా మింగుతామని, ఆపరేషన్ అయ్యాక ఆ గాలే నొప్పి పెడుతుందని, కాబట్టి గ్లాసు కరుచుకునే తాగాలని డైటీషియన్ చెప్పింది. మా అత్తయ్యగారు ఎంగిలి కలుస్తుందని నా గ్లాసు వేరే పెట్టించారు. నేను లెక్కపెట్టుకుంటూ నమలడం చూసి, విస్తరి ముందు లెక్కలేమిటి, అన్నపూర్ణమ్మకు కోపమొస్తుందని గొణిగేవారు. పదిరోజులకు ఆవిడే పక్కన కూర్చుని, "ఇరవై ఎనిమిదికే మింగేశావు" అని పట్టుకోవడం మొదలుపెట్టారు.

కాఫీ లెక్క నేనే వేసుకున్నాను. రోజుకు అయిదు కాఫీలు, ఒక్కోదానికి రెండు చెంచాలు, చెంచాకు సుమారు అయిదు గ్రాములు. అంటే రోజుకు 50 గ్రాముల పంచదార, నెలకు కిలోన్నర. షుగరు మాత్రలు వేసుకుంటూ నెలకు కిలోన్నర పంచదార తాగిన లెక్కల టీచరును నేను. కాఫీ మానేసిన మొదటి మూడు రోజులూ తల పగిలిపోయింది. వేసవిలో తాగే గోలీసోడాలూ మానేశాను. పంచదార డబ్బా పక్కింటివాళ్ళకు ఇచ్చేశాను. పది వారాల్లో అయిదు కిలోలు తగ్గాను, ఎక్కడా పస్తులుండకుండానే.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు వేరే ఆహారం ఇస్తారు. కాలేయపు ఎడమ భాగం జీర్ణాశయం మీద కప్పుకుని ఉంటుంది. కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయాన్ని పక్కకు ఎత్తి పట్టుకోవడం కష్టం, చిట్లితే రక్తం పోతుంది. పిండిపదార్థాలు బాగా తగ్గించి, మాంసకృత్తులు మాత్రం తగ్గకుండా చూస్తే రెండు వారాల్లో అది కుదించుకుంటుంది. నాకు రోజుకు 900 క్యాలరీల పట్టిక రాసిచ్చారు. ప్రోటీన్ పొడి, పలచటి మజ్జిగ, పెసరకట్టు, గుడ్డు తెల్లసొన, కీరదోస, ఉప్పు తక్కువ సూపు. అన్నం లేదు. పట్టికలో గంటలతో సహా అన్నీ ఉన్నాయి, నా షుగరు మాత్రల మాట ఒక్కటే లేదు. నేనూ అడగలేదు. గ్లైమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్రను తొమ్మిదేళ్ళుగా వేసుకున్నట్టే రెండు పూటలా వేసుకుంటూ వచ్చాను.

అయిదో రాత్రి రెండు గంటల పదినిమిషాలకు మెలకువ వచ్చింది. జాకెట్టు తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. గుండె చప్పుడు సీప్యాప్ మాస్కులో వినబడుతోంది. మాస్కు తీయాలని తెలుసు, పట్టీ ఎక్కడుందో చేతికి తెలియడం లేదు. మావారిని పేరు పెట్టి పిలిచానట. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో నేనెప్పుడూ పిలవని పేరు అది. ఆయన లైటు వేసేసరికి నేను "పెసరకట్టు, పెసరకట్టు" అంటున్నాను, నేను అనదలచుకున్నది డాక్టరని. నాలుక మందంగా, వేరే ఎవరిదోలా ఉంది. అందరూ గుండెపోటనే అనుకున్నారు. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి ఒక్కతే గ్లూకోమీటరు తెచ్చి, వణుకుతున్న నా వేలు గట్టిగా పట్టుకుని గుచ్చింది. షుగరు 47కు పడిపోయి ఉంది.

మావారు ముందు హైదరాబాదు ఆసుపత్రికి ఫోన్ చేశారు. ఏ విభాగానికి ఏ అంకె నొక్కాలో ఒక రికార్డు గొంతు చెబుతూ పోయింది. విసిగి పెట్టేసి, మా ఊరి డాక్టరుగారికి చేశారు. రెండో రింగుకే ఎత్తారు. "మింగగలుగుతున్నారా? స్పృహలోనే ఉన్నారు కదా? మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి వెంటనే తాగించండి, పావుగంటకు మళ్ళీ చూడండి" అన్నారు.

ఇంట్లో పంచదార లేదు. మావారు డబ్బాలన్నీ తెరిచి మూస్తున్న చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అత్తయ్యగారు దేవుడి గదిలోంచి నైవేద్యానికి పెట్టుకున్న పటికబెల్లం తెచ్చి, రోట్లో వేసి దంచి, నీళ్ళలో కరిగించి నా ఎంగిలి గ్లాసులోనే పోసి తాగించారు. పావుగంటకు 63. మళ్ళీ అంతే ఇచ్చారు. మూడింటికి 88. డాక్టరుగారే మళ్ళీ ఫోన్ చేసి, గ్లైమిపిరైడ్ ప్రభావం ఎక్కువసేపు ఉంటుందని, కొంచెం పెరుగన్నం పెట్టి తెల్లారేదాకా గంటకోసారి చూడమని, ఆ మాత్ర మళ్ళీ వేయవద్దని చెప్పారు. తినే ఆహారం అంత తగ్గించేటప్పుడు తనకొక మాట చెప్పనక్కరలేదా అని కూడా అన్నారు. నా చేతులు వణుకుతుంటే, అత్తయ్యగారు గోరుముద్దలు చేసి నోట్లో పెట్టారు. అప్పుడు కూడా ముప్పై లెక్కపెట్టాను. దేవుడే పటికబెల్లం రూపంలో ఉన్నాడని ఆవిడ అంటారు. నేను అంత గట్టిగా నమ్మేదాన్ని కాదు, అయితే ఆ రోజునుంచి ఆ సీసా నిండుగా ఉందో లేదో శనివారం శనివారం చూస్తున్నాను.

మరునాడు డైటీషియన్‌తో చాలా కటువుగా మాట్లాడాను. తను ఏడ్చింది. మాత్రల సంగతి ఫిజీషియన్ చూస్తారనుకున్నానంది. ఫిజీషియన్ డైటీషియన్ చెప్పి ఉంటుందనుకున్నారు. నాకు తినడం నేర్పిన మనిషి పొరపాటు వల్లే నేను చచ్చిపోయేదాన్ని, నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసిన మనిషి వల్ల బతికాను. ఈ లెక్క నాకు ఈనాటికీ తేలలేదు. మీలో ఎవరైనా ఈ దారిలో ఉంటే, ఆహారం తగ్గించే రోజునే మాత్రలు, ఇన్సులిన్ ఎంత తగ్గించాలో అడిగి రాయించుకోండి. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే మాత్రలైతే ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందే ఆపవలసి ఉంటుంది, అది కూడా అడగండి. పంచదార తినడం మానండి గాని, ఇంట్లో లేకుండా చేయకండి.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పొట్ట మీద అయిదు చిన్న గాట్లు, ఆ సాయంత్రమే నడిపించడం, మూడు బంతుల గొట్టంలో ఊపిరి పీల్చి బంతులు లేపడం, మూడోరోజు ఇంటికి. మొదటి రోజుల్లో పావుగంటకు 30 మిల్లీలీటర్ల నీళ్ళే ఇచ్చారు. పక్క మంచంలోని ఆమెకు అది నరకంలా ఉంటే, గుక్కలు అలవాటైన నాకు సులువుగానే గడిచింది. రెండు వారాలు ద్రవాలు, తరువాత మెత్తగా చేసినవి, ఆపైన మెల్లగా మామూలు తిండి.

పదో వారంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. మాటల్లో పడి పాత వేగంతో ఒక ఇడ్లీ తినేశాను. రొమ్ము మధ్యలో ఇటుక పెట్టినట్టయి, నోటినిండా నురగలాంటి ఉమ్మి ఊరి, మంటపం వెనక అరగంట కూర్చుని కక్కుకున్నాను. ఆపరేషన్ పొట్టను చిన్నది చేసిందిగాని, నా చేతి వేగాన్ని తగ్గించలేదు. నాలుగో నెలలో జుట్టు దువ్వెనకు చుట్టలు చుట్టలుగా వచ్చింది. బీ12, ఐరన్, కాల్షియం జీవితాంతం వాడాలి. ఇప్పుడు బరువు 76, హెచ్‌బీఏ1సీ 6.0. నిద్ర పరీక్ష మళ్ళీ చేశాక సీప్యాప్ తీసేయమన్నారు.

పోయిన నెల ఈ కాగితాలన్నీ పట్టుకుని మా ఊరి డాక్టరుగారి దగ్గరకు వెళ్ళాను. చాలాకాలంగా మనసులో కూర్చుకున్న మాటలు చెప్పాను, ముందు ఆ రాత్రి ఫోను గురించి, తరువాత ఆయన అన్న మాట గురించి. ఆయన కళ్ళజోడు తీసి, "నేనన్నానా?" అన్నారు. మాటా గుర్తులేదు, ఫోనూ గుర్తులేదు. రోజుకు అలాంటివి ఎన్నో వస్తాయమ్మా అన్నారు. తరువాత పాత చీటీ కొట్టేసి, కొత్తదాని మీద మెట్‌ఫార్మిన్ ఒక్కటే రాశారు. భోజనానికి ముందా, తరువాతా, ఒకవేళ ఆ పూట సరిగా తినకపోతే ఏం చేయాలి అని రెండుసార్లు అడిగి, ఆయన చేతే చీటీ మీద రాయించుకుని వచ్చాను.