పక్క లేన్ లారీకి నా కారు బ్రేకేస్తోంది

ఓఆర్‌ఆర్ మీద నార్సింగి దాటి శంషాబాద్ వైపు వెళ్తున్నా, క్రూజ్ (ముందున్న బండిని రాడార్‌తో చూసుకుంటూ కారే వేగం పెంచి తగ్గించుకునే ఏర్పాటు) 100కి పెట్టి కాలు తీసేశా, నా లేన్ మొత్తం ఖాళీ. ఎడమ లేన్‌లో ఇసుక లారీ. దాన్ని దాటబోతుంటే కారు ఎవరో వెనక్కి గుంజినట్టు బ్రేకేసుకుంది. వెనకవాడి హారన్, తిట్లు. డాష్‌బోర్డులో మాత్రం నా ముందు ఏదో బండి ఉన్నట్టు బొమ్మ వెలుగుతోంది.

మొదటి అనుమానం నిమ్మకాయల మీద. దసరా పూజ చేసి అమ్మ గ్రిల్‌కి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టింది, అవి సరిగ్గా రాడార్ మూత మీద వేలాడుతున్నాయి. ఈ రాడార్లు వాడేది 77 గిగాహెర్ట్జ్ తరంగాలు, ప్లాస్టిక్‌లోంచి దూరిపోతాయి గానీ నీళ్లంటే వాటికి పడదు, నిమ్మకాయలో ఉండేది నీళ్లే కదా అని తెంపేశా. మూత తుడిచా, కెమెరా ముందు అద్దం కూడా. "తీసెయ్ తీసెయ్, ఏమవుతుందో చూద్దువుగాని" అంది అమ్మ. మర్నాడు మళ్లీ అదే బ్రేకు. ఇంట్లో ఇక నా మాట చెల్లలేదు.

ఆన్‌లైన్‌లో కొన్న బ్లూటూత్ స్కానర్ పెడితే ఏ ఎర్రరూ లేదంది. అలాంటి చవక స్కానర్లు చాలావరకు ఇంజన్ కోడ్లే చదువుతాయి, రాడార్ జోలికి పోవు. అది తెలియక వారం పోయింది. సర్వీస్ సెంటర్లో అయితే బానెట్ కూడా ఎత్తకుండా "రాడారే మార్చాలి సార్" అన్నారు. కోడ్ ఏమొచ్చిందంటే జవాబు లేదు, ఎస్టిమేట్ కాగితం మాత్రం రెడీ.

చివరికి రాణిగంజ్‌లో తెలిసిన మెకానిక్ దగ్గరికెళ్లా. పెద్ద స్కానర్ పెట్టి రాడార్ కోణం చూశాడు, ఎడమకి తిరిగి ఉంది. "అన్నా, బంపర్ ఎప్పుడన్నా ఇప్పించినవా?" అనడిగాడు. అప్పుడు వెలిగింది. ఆగస్టులో సెల్లార్ పిల్లర్‌కి గీసుకుంటే కాలనీ షెడ్లో పెయింట్ కొట్టించా. ఊళ్లో ఈ ట్రాఫిక్‌లో క్రూజ్ వాడే పనెక్కడుంది, అందుకే రెండు నెలలు బయటపడలేదు.

బంపర్ దించాడు. రాడార్ బ్రాకెట్‌కి ఒక చెవి విరిగి ఉంది, షెడ్డువాడు దాన్ని ప్లాస్టిక్ ట్యాగ్‌తో లాగి కట్టేశాడు. బంపర్ మాత్రం అద్దంలా మెరుస్తోంది! కంటికి ఆనని వంకరే, కానీ రెండు డిగ్రీలు పక్కకి తిరిగితే 100 మీటర్ల దూరంలో చూపు మూడున్నర మీటర్లు జరుగుతుంది. అంటే దాదాపు ఒక లేన్. పాపం రాడార్ బాగానే చూస్తోంది, పక్క లేన్‌ని.

కొత్త బ్రాకెట్ వేసి, ముందు టార్గెట్ బోర్డు పెట్టి క్యాలిబ్రేషన్, అంటే రాడార్ చూపు నేరుగా ఉండేలా సరిచేయడం, చేయించాం. బ్రాకెట్ మార్చి ఇది చేయించకపోతే సగం పనే, అది మాత్రం మర్చిపోకండి. ఆదివారం పొద్దున్నే అదే దారిలో, కాలు బ్రేకు దగ్గరే పెట్టుకుని వెళ్లా. మూడు లారీలు దాటా, కారు ఉలకలేదు.

నిమ్మకాయలు ఇప్పుడు వెనక బంపర్‌కి వేలాడుతున్నాయి. నా కారుకి వెనక రాడార్ లేదని మెకానిక్‌ని అడిగి మరీ కట్టనిచ్చా.